మంగమారిపేట తండేలు (పడవ పెద్ద) గారికి, ఆ పడవ వాళ్లందరికీ

జనవరి రెండో ఆదివారం పొద్దున్న సముద్రంలో పడిపోయిన మా స్నేహితుణ్ణి ప్రాణాలతో ఒడ్డుకు తెచ్చిన ఐదుగురికి, ఒడ్డు మీద మమ్మల్ని సొంత పిల్లల్లా చూసుకున్న ఆ వీధి అమ్మలకి నమస్కరించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. వాళ్లని అడగకుండా పేర్లు రాయడం నాకు ఇష్టం లేదు. ఆ ఊళ్లో ఎవరు చదివినా ఇది ఎవరి గురించో వెంటనే తెలుస్తుంది. దయచేసి ఆ ఇంటి దాకా ఈ మాట చేర్చండి.

మేం నలుగురం కాలేజీ నాటి స్నేహితులం. చలికాలంలో విశాఖ తీరం వెంబడి పక్షుల్ని, తాబేళ్లని చూడటం మాకు కొన్నేళ్లుగా అలవాటు. మా వాడికి రెండు కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవలు ఉన్నాయి, ఒక్కోదాంట్లో ఇద్దరు కూర్చోవచ్చు. మంగమారిపేట రాళ్ల దగ్గర నుంచి బయల్దేరి, తీరం వెంబడే భీమిలి వైపు కొంత దూరం వెళ్లి వెనక్కి రావాలని అనుకున్నాం. అందరం లైఫ్ జాకెట్లు వేసుకున్నాం. ఒక్కోదానికి ఒక విజిల్ కట్టి ఉంది. ఆ విజిల్ సంగతి తర్వాత చెప్తాను.

ఆరున్నరకి నీళ్లలోకి దిగాం. తొట్లకొండ వెనకాల ఇంకా మసకగానే ఉంది, ముందు మాత్రం సముద్రం మీద సూర్యుడు అప్పుడే పైకి వస్తున్నాడు. ఆ గంట నేను చూసినవి ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. ఎక్కడో లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, చలికాలానికి మన తీరానికి దిగి వచ్చే గోధుమరంగు తల గల్ పక్షులు పదిహేను దాకా నీటి మీద తేలుతూ కూర్చున్నాయి. ఈ నెలల్లో వాటి తల తెల్లగా ఉంటుంది, కన్ను వెనక ఒక్క నల్ల మచ్చ మాత్రమే కనిపిస్తుంది. ఒక గరుడ పక్షి రాళ్ల మీద నుంచి లేచి మా మీదుగా వెళ్లింది. అంతలో నా తెడ్డుకి రెండు బారల దూరంలో 'ఫుస్స్' మని చప్పుడైంది. చూస్తే ఆలివ్ రిడ్లే తాబేలు. ముందు తల, తర్వాత బూడిద, ఆకుపచ్చ కలిసిన రంగులో గుండ్రటి డిప్ప. ఊపిరి పీల్చుకుని, కనురెప్ప బరువుగా ఒకసారి వాల్చి, మళ్లీ కిందికి దిగిపోయింది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

ఈ కాలంలో అవి ఒడిశా వైపు గుంపులుగా వెళ్తుంటాయి. కొన్ని మన విశాఖ ఇసుకలోనే, రాత్రిపూట ఒంటరిగా వచ్చి, ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లు పెట్టి వెళ్తాయి. అటవీ శాఖ వాళ్లు, వాళ్లతో పనిచేసే మత్స్యకార కుర్రాళ్లు తెల్లవారకముందే తీరమంతా నడిచి, కుక్కల పాలు కాకుండా ఆ గుడ్లని ఏరి, కంచె వేసిన ఇసుకలో పాతిపెట్టి, నెలన్నర పైన కాపలా కాసి పిల్లల్ని సముద్రంలో వదులుతారు. తాబేలు నీళ్లలో బతికినా ఊపిరి తీసుకునేది గాలే. వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చచ్చిపోతుంది. తీరానికి కొట్టుకొచ్చిన తాబేళ్లని చూసినప్పుడల్లా వల వేసేవాళ్ల మీదే నాకు కోపం వచ్చేది. ఆ కోపం అందరి మీదా పడకూడదని ఆ రోజే తెలిసింది.

వెనక్కి తిరిగేసరికి ఏడున్నర. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా ఉన్నాయి కదా అనుకుంటూ తాబేళ్ల కోసం లోపలికి వెళ్లిపోయాం. అక్కడ పొద్దున్నపూట గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. కొండ అడ్డు ఉన్నంత సేపూ ఆ గాలి మనకి తెలియదు. కొండ నీడ దాటగానే ముఖం మీద కొట్టడం మొదలుపెట్టింది. తెడ్డు ఎంత వేసినా పడవ కదలడం లేదు, చూస్తుండగా ఒడ్డు దూరమవుతోంది. బీచ్ రోడ్డు మీద వెళ్లే బస్సు రంగు కూడా తెలియని దూరానికి వచ్చేశాం. అప్పుడే ఒక కెరటం పక్క నుంచి తగిలి, మా స్నేహితుడు ఒరిగిపోతూ తెడ్డుని నీటిలో గట్టిగా అదిమాడు. పడవ తిరగబడింది. కుడి భుజం జారిపోయింది. వాడి కేకలోనే తెలిసింది మాకు.

లైఫ్ జాకెట్ వల్ల తేలుతున్నాడు. కానీ ఒక్క చేత్తో పడవ ఎక్కలేడు, మేం లాగితే నొప్పికి విలవిల్లాడిపోతున్నాడు. రెండు కయాక్‌లనీ తాడుతో కట్టి, వాణ్ణి మధ్యలో పట్టుకుని తేలుతున్నాం. ఫోన్ ప్లాస్టిక్ సంచిలోంచి తియ్యాలంటే చేతులు వణుకుతున్నాయి. నేను విజిల్ నోట్లో పెట్టుకుని మూడేసి సార్లు ఊదడం మొదలుపెట్టాను. ఎంత సేపు ఊదానో తెలియదు. పెదవి పగిలింది.

దూరంగా ఒక ఫైబర్ బోటు వల లాగుతోంది. వాళ్లకి వినబడింది. సగం వల నీళ్లలోనే వదిలేసి, గుర్తుకి ఒక బెండు కట్టి, మా వైపు తిరిగారు.

తండేలు గారు ఎలా వచ్చారో చెప్పాలి. వేగంగా వచ్చి మా పక్కన ఆపలేదు. దూరం నుంచే ఇంజిన్ తగ్గించి, చుట్టు తిరిగి గాలి వచ్చే వైపు నుంచి మెల్లగా జారుతూ వచ్చారు. వాళ్ల బోటే మాకు గోడలా అడ్డు నిలిచింది. మా చుట్టూ నీరు ఒక్కసారి నెమ్మదించింది. పైనుంచి తాడు పడింది. "తల్లీ, తెడ్డు ఇడిసిపెట్టీ. తాడు పట్టుకో, సాలు" అన్నారు ఆయన. నేను ఏడుస్తున్నానని అప్పుడే నాకు తెలిసింది.

ఇద్దరు కుర్రాళ్లు నీళ్లలోకి దూకారు. మా వాడి చంకల కింద పట్టబోతుంటే ఆయన గట్టిగా కసిరారు. "ఆ సెయ్యి ఎవులూ ముట్టకండి! నడుం కాడ పట్టండి." వల కిందికి వదిలి, దాంట్లో వాణ్ణి పడుకోబెట్టి, ఉయ్యాల్లో పిల్లాణ్ణి ఎత్తినట్టు బోటులోకి ఎత్తారు. జారిన భుజాన్ని సరిచేసే ప్రయత్నం ఎవరూ చెయ్యలేదు. తన భుజం మీది గళ్ల తువ్వాలు తీసి, మెడకి, ముంజేతికి కలిపి జోలెలా కట్టి, చెయ్యి కదలకుండా ఛాతీకి ఆనించి ముడి వేశారు. తువ్వాలు ఉప్పుకి గరుగ్గా ఉంది. ముడి మాత్రం అంత మెత్తగా వేశారాయన. తర్వాత ఆసుపత్రిలో డాక్టరు గారు ఆ కట్టు చూసి, మొదట చెయ్యాల్సిన పని అదేనని, బాగా కట్టారని అన్నారు.

నాకు వల గుర్తొచ్చింది. "మీ వల అక్కడే ఉండిపోయింది కదా బాబాయ్" అన్నాను. "వలకేటి, ఎక్కడికి పోద్ది? ముందు మడిసిని ఒడ్డుకి సేర్చాల" అన్నారు.

ఒడ్డుకు రాగానే నలుగురు ఆడవాళ్లు ఎదురొచ్చారు. మా ఇద్దరమ్మాయిలకీ పొడి చీరలిచ్చి, లోపల మార్చుకోమని తలుపు దగ్గర నిలబడ్డారు. వేడి వేడి టీ తెచ్చారు. ఒక పెద్దమ్మ నా తల తుడుస్తూ 'అమ్మకి ఫోన్ సేసినావా?' అని అడిగింది. ఈలోగా ఎవరో 108కి చెప్పారు. అంబులెన్స్ వచ్చే దారి ఇరుకని, కుర్రాళ్లు ఎండబెట్టిన వలలు అన్నీ తీసి పక్కకి వేశారు. 108 సిబ్బందికి, ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరు గారికి, నర్సమ్మలకి కూడా మా నలుగురి కుటుంబాల తరఫున కృతజ్ఞతలు.

నాలుగు రోజుల తర్వాత మేం ముగ్గురం మళ్లీ వెళ్లాం. వదిలేసిన వల రాళ్లకి తగిలి రెండు చోట్ల చిరిగిందట. ఆ పూట దొరకాల్సిన కానాగంత చేపలు కూడా చాలావరకు పోయాయి. మేం డబ్బు తీశాం. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. అరుగు మీద కూర్చుని చిరిగిన చోట కుడుతూనే మాట్లాడారు. నేను తాబేళ్ల సంగతి అడిగాను. వలలో పడితే ఏం చేస్తారు అని. కుట్టే చెయ్యి ఆపి, ఆ వలలోనే పాత కుట్లు ఒక్కొక్కటీ చూపించారు. మెత్తటి నూలు ముడులు, రంగు కొంచెం తేడా. అక్కడ తాబేలు చిక్కిందట, అక్కడ కోసి వదిలేశారట. "కూర్మనాథసామి రూపం కదమ్మా. సంపుకుంటామా?" అన్నారు. శ్రీకూర్మం ఉన్న ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవాళ్లు చాలామంది ఇలాగే అంటారని విన్నాను గానీ, ఆ కుట్లని వేలితో తడిమి చూశాక నా మనసు వేరుగా అయిపోయింది. 2021 డిసెంబరులో తంతడి దగ్గర వలలో చిక్కిన వేల్ షార్క్‌ని తిరిగి సముద్రంలోకి పంపిందీ మన మత్స్యకారులు, అటవీ శాఖ వాళ్లు కలిసే.

సముద్రంలోకి వెళ్లే స్నేహితులకి ఒక మాట. కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీస్ 1093 ఫోన్లో పెట్టుకోండి, విజిల్ లేకుండా దిగకండి. అన్నిటికంటే ముందు, ఆ తీరంలో ఉన్న ఊరి వాళ్లకి చెప్పి వెళ్లండి. ఇది తండేలు గారి మాటే. "ఈపాలి వచ్చినపుడు ముందు మాకో మాట సెప్పండి. ఏ పక్కకెళ్తన్నారో తెలిస్తే మా కుర్రోలు సూస్తుంటారు" అన్నారు. తప్పు మాది, ఒక్క మాట కూడా కోపంగా అనలేదాయన.

మా వాడి చేతి కట్టు నిన్న విప్పారు. వేళ్లు బాగా కదులుతున్నాయి, ఇంకొన్నాళ్లు వ్యాయామం చెయ్యాలి. ఈ ఆదివారం నలుగురం మంగమారిపేట వెళ్తున్నాం. ఆ గళ్ల తువ్వాలుని మా వాడి అమ్మ గారు ఉతికి, ఇస్త్రీ చేసి, ఒక మూలన చిన్న చిరుగుంటే కుట్టి సిద్ధం చేశారు. దాన్ని తన చేత్తోనే ఇవ్వాలని మా వాడు పట్టుబట్టాడు, కుడి చేత్తో.