పెంచిన కణాలు సరే, అనుమతి పత్రమేదీ?

సంపాదకులకు,

మా అన్నకు ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకలకు పాకింది. రోగనిరోధక కణాలను ల్యాబ్‌లో పెంచి ఎక్కిస్తే పూర్తిగా నయమవుతుందని ఒక ఏజెంట్ వాట్సాప్‌లో వీడియో పంపాడు. అంతే, పాకాల దగ్గరి మామిడితోట బేరానికి పెట్టేశాడు మా అన్న. తోతాపురికి ధర లేని కాలంలో తోటకేం ధర పలుకుతుంది, అది వేరే కథ.

ఈ తరహా వైద్యమంతా బూటకమని నేననను. సిపుల్యూసెల్-టి అనే చికిత్సకు అమెరికాలో 2010లోనే అనుమతి వచ్చింది. రోగి రక్తం నుంచి కొన్ని తెల్లకణాలను వేరుచేసి, ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఉండే ఒక ప్రొటీన్‌ను గుర్తుపట్టేలా ల్యాబ్‌లో సిద్ధంచేసి, తిరిగి ఆయనకే ఎక్కిస్తారు. సుమారు రెండు వారాల ఎడంతో మూడు విడతలు. ప్రధాన పరీక్షల్లో దానివల్ల పెరిగిన ఆయుష్షు దాదాపు నాలుగు నెలలు. జబ్బు పోదు. అప్పట్లోనే ఖర్చు 93 వేల డాలర్లు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్లు తయారుచేసిన కార్-టి (రోగి రక్తంలోని టి-కణాల జన్యువులను ల్యాబ్‌లో మార్చి, పెంచి ఎక్కించే) చికిత్సకు 2023లో మన దేశంలో అనుమతిచ్చింది కొన్ని రక్త క్యాన్సర్లకే. ప్రోస్టేట్‌కు కార్-టి ఇంకా ప్రయోగాల్లోనే ఉంది.

ఏజెంటుకు నేనే ఫోన్ చేశాను. "కణాలు పెంచే ల్యాబ్ ఎక్కడ సార్? అనుమతి కాగితం పంపండి" అన్నాను. "ముందు అడ్వాన్స్ కట్టండి పెద్దాయనా" అని పెట్టేశాడు.

ఏజెంటు చెప్పేది ప్రయోగమే అయితే, మనుషులపై చేసే వైద్య ప్రయోగాల జాబితా అయిన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. ఆ నమోదు నంబరు అడగమని తిరుపతి పెద్దాసుపత్రుల ఓపీల దగ్గర తెలుగులో ఒక బోర్డు పెట్టించాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను.

– విశ్రాంత ఆర్టీసీ కండక్టర్, తిరుపతి