లూజు వేరు, దొంగకుట్టు వేరు

ఎడిటర్ గారికి నమస్కారం అండీ,

నేను ఖమ్మంలో ఇరవై రెండేళ్లుగా ఇంట్లోనే మెషీన్ పెట్టుకుని బ్లౌజులు, డ్రెస్సులు కుడుతున్నాను. పేపరుకి లెటర్ రాయడం ఇదే ఫస్ట్ టైమ్, అదీ ఫోన్లో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. మూఢం కదా, పెళ్ళిళ్ళ ఆర్డర్లు లేవు, అందుకే కొంచెం పొడుగు అవుతుందేమో కూడా.

పోయిన వారం మీ స్పోర్ట్స్ పేజీలో కింద మూలన ఒక చిన్న బాక్స్ వేశారు, స్కీ జంపింగ్‌లో (కాళ్ళకి పొడుగాటి స్కీలు కట్టుకుని మంచు ర్యాంప్ మీంచి దూరంగా దూకే ఆట) నార్వే టీమ్ కోచ్‌కి 18 నెలల బ్యాన్ పడిందని. హెడ్డింగ్ ఏమో ప్యాంటు లూజు, పతకం లాసు అని ప్రాస. సరే నవ్వుకున్నాం. కానీ చివరి లైన్లో, ఇలాంటి మోసమే 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఐదుగురు అమ్మాయిలు చేసి దొరికిపోయారు అని రాసేశారు చూడండి, అది చదివాక నాకు చేతిలో పని ముందుకి సాగలేదు. అది తప్పండీ. గుడ్డ కోసేవాళ్ళెవరినైనా అడగండి, ఆ రెండూ ఒకటి కాదని చెప్తారు.

నాకీ ఆట గురించి ఎలా తెలుసు అంటారేమో. మా అబ్బాయి జర్మనీలో ఎమ్మెస్ చేస్తున్నాడు, అక్కడ మంచు పడితే చాలు టీవీలో ఇదేనంట, మనకి సంక్రాంతికి కోడిపందేల్లాగా వాళ్ళకి న్యూ ఇయర్ రోజు స్కీ జంపింగ్. 2025 మార్చిలో వాడు ఫోన్ చేసి అమ్మా ఇది నీ సబ్జెక్టే అని ఒక వీడియో పంపాడు. కర్టెన్ సందులోంచి ఎవరో దొంగచాటుగా తీసింది. ఒక గదిలో మెషీన్ మీద ఎవరో జంపింగ్ సూట్ కుడుతున్నారు, పక్కన ఆ నార్వే కోచ్ నిలబడి చూస్తున్నాడు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఊళ్ళో వాళ్ళు సీరియల్ చూసినట్టు చూశాను.

ముందు ఆ సూట్ సంగతి చెప్పాలి, లేకపోతే మీ రీడర్లకి ఇదంతా ఉత్త గోలలా ఉంటుంది. ఆ గుడ్డ మన కాటనూ పాలిస్టరూ కాదు, లోపల ఫోమ్ పొర ఉండి మెత్తగా దళసరిగా ఉంటుంది. నేనొకసారి కుర్చీ కవర్లకి ఫోమ్ అంటించిన గుడ్డ కుట్టాను, 16 నంబరు సూది వేసినా కుట్లు ఎగిరిపోయేవి, కింద పొర ఒక పక్కకి పై పొర ఇంకో పక్కకి జారేది. కాబట్టి ఆ సూట్ కుట్టేవాళ్ళు మామూలు పనివాళ్ళు కాదని చూడగానే అర్థమైంది. మనిషి గంటకి దాదాపు 90 కిలోమీటర్ల స్పీడులో ర్యాంప్ మీంచి జారి గాల్లోకి లేస్తాడు, స్కీలు రెండూ వి ఆకారంలో విప్పి వాటి మీద పడుకున్నట్టు ముందుకి వాలతాడు. అక్కణ్ణించి నేల తాకేదాకా ఆయన్ని మోసేది గాలే. మేడ మీద ఆరేసిన దుప్పటి గాలికి ఎలా ఉబ్బుతుందో చూశారు కదా, సూట్లో ఎక్కడ గుడ్డ ఎక్కువుంటే అక్కడ అలా గాలి పడుతుంది. అందులోనూ కాళ్ళ మధ్య, సీటు కింద గుడ్డ కాస్త కిందకి దిగిందనుకోండి, గబ్బిలం రెక్క లాగా పనిచేస్తుంది. అందుకే గుడ్డ ఎంత మందం ఉండాలి, అందులోంచి గాలి ఎంత బయటికి పోవాలి, ఒంటి కొలతకి మించి ఎన్ని సెంటీమీటర్లు లూజు ఉండొచ్చు అని అన్నిటికీ రూల్స్ పెట్టారు. ఒలింపిక్స్‌లో చిన్న కొండ, పెద్ద కొండ అని రెండు సైజులుంటాయి. పెద్ద కొండ మీద ఒక్కో మీటరుకి 1.8 పాయింట్లు, ఐదుగురు జడ్జీల మార్కుల్లో ఎక్కువా తక్కువా తీసేసి మిగిలిన మూడు కలుపుతారు, గాలికి మళ్ళీ పాయింట్లు కలపడం, కొయ్యడం, ఇన్ని లెక్కలున్న ఆటలో ఒకటి రెండు మీటర్లంటే పతకమే.

ఇప్పుడు నార్వే వాళ్ళేం చేశారో చూడండి. 2025 మార్చిలో ట్రోండ్‌హైమ్‌లో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్, వాళ్ళ సొంత గడ్డ, వేలమంది జనం ముందు. సూట్లన్నీ ముందే చెక్ చేసి, ఓకే అని లోపల చిప్ పెడతారు, చిప్ పడ్డాక సూది పెట్టకూడదు. వీళ్ళు మార్చి 8న పెద్ద కొండ మీద మగవాళ్ళ పోటీకి ముందు ఆ ఓకే అయిన సూట్లనే విప్పి, కాళ్ళ మధ్య కుట్టులో గట్టి దారం పెట్టి మళ్ళీ కుట్టేశారు. చొక్కా కాలర్లో బక్రం పెడతామే, మెడ దగ్గర వాలిపోకుండా బిర్రుగా నిలబడాలని, అదే ఐడియా. గాల్లో ఉన్నప్పుడు గుడ్డ ముడుచుకోకుండా సాగి నిలబడుతుంది. బయటినుంచి టేపు పెట్టి ఎంత కొలిచినా దొరకదు, చిప్ స్కాన్ చేస్తే చిప్ కరెక్టుగానే ఉంది. ఆ వీడియో బయటికొచ్చాక వేరే దేశాల వాళ్ళు కంప్లైంట్ ఇస్తే అప్పుడు పోటీ అయ్యాక కుట్లు కోసి చూశారు, చూస్తే దారం. రెండో స్థానంలో వచ్చిన మారియుస్ లిండ్విక్, ఐదో స్థానంలో వచ్చిన యోహాన్ ఆండ్రే ఫోర్‌ఫాంగ్ ఇద్దరూ లిస్టులోంచి ఎగిరిపోయారు. గోల్డ్ ఎలాగూ స్లొవేనియా కుర్రాడు డోమెన్ ప్రెవ్‌ట్స్‌దే, సిల్వర్ ఆస్ట్రియా యాన్ హోర్ల్‌కి, బ్రాంజ్ జపాన్ ర్యోయు కొబయాషికి వెళ్ళాయి.

తర్వాత ఆ ఇద్దరు జంపర్లకి మూడేసి నెలలు సస్పెన్షన్ వేశారు. వాళ్ళకి తెలియదంట, అయినా అడిగి ఉండాల్సింది అని తీర్పు. నా అనుభవం చెప్తాను, చంకలో పావు అంగుళం బిగువైతే వేసుకున్న ఐదు నిమిషాల్లో ఆంటీ ఇక్కడ పట్టేస్తోంది అని ఫోన్ చేస్తారు నా కస్టమర్లు. రోజూ వేసుకునే సూట్లో కాళ్ళ మధ్య గట్టి దారం పడితే తెలియలేదంటే, ఏమోనండీ, నాకైతే నమ్మబుద్ధి కాలేదు. ఇది నా అభిప్రాయం మాత్రమే.

దీన్ని మోసం అనండి, బాక్స్ కాదు ఫుల్ పేజీ రాయండి, నాకు అభ్యంతరం లేదు. మోసం అంటే ఇదే, తెలిసి, రాత్రిపూట తలుపేసుకుని చేసింది.

బీజింగ్‌కి రండి. 2022 ఫిబ్రవరి 7, మిక్స్‌డ్ టీమ్ పోటీ, ఒలింపిక్స్‌లో అదే మొదటిసారి. ఇద్దరు అమ్మాయిలు ఇద్దరు అబ్బాయిలు కలిసి ఒక టీమ్. ఆ ఒక్క రోజే ఐదుగురు అమ్మాయిల జంప్‌లు సూట్ లూజు అని కొట్టేశారు, జపాన్ సారా తకనాషి, జర్మనీ కథరీనా ఆల్ట్‌హౌస్, ఆస్ట్రియా డానియేలా ఇరాష్కో స్టోల్స్, నార్వే నుంచి ఇద్దరు, సిల్యే ఓప్‌సెత్, అన్నా ఓడిన్ స్ట్రోమ్. ఎవరి సూట్లోనూ దారం దొరకలేదు, ఎవరి కుట్టూ విప్పలేదు. ఆల్ట్‌హౌస్ అయితే రెండ్రోజుల ముందే సింగిల్స్‌లో సిల్వర్ గెలిచింది, అదే సూట్ వేసుకునే గెలిచానంది. కొలిచే పద్ధతే ఆ రోజు మార్చేశారు అని అమ్మాయిలు అన్నారు, అధికారులు రూల్ పాతదే అన్నారు.

నేను అధికారులు అబద్ధం చెప్పారు అనట్లేదు. కొలత అంటే ఏంటో తెలిసినదాన్ని కాబట్టి చెప్తున్నా. ఒక్క మనిషినే పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి కొలవండి, తేడా వస్తుంది. చేతులు కిందకి పెట్టిస్తే ఒక కొలత, పైకి ఎత్తిస్తే ఇంకో కొలత. ఊపిరి పీలిస్తే అర అంగుళం, టేపు కింద వేలు పెడితే పావు అంగుళం. పెళ్ళికూతురికి నెలముందు కొలత తీసి కుట్టిన బ్లౌజు పెళ్ళిరోజుకి జారిపోతుంది, టెన్షన్‌కి తిండి మానేసి చిక్కిపోతారు, అప్పుడు నేను పిన్నీసు పెట్టి పంపిస్తా. అక్కడ మంచులో, అసలే బరువు తగ్గితే దూరం పోతాం అనే ఆటలో, ఒలింపిక్స్ టెన్షన్‌లో ఉన్న అమ్మాయికి తొడ దగ్గర కొలత తేడా రాదా. (బరువు మరీ తగ్గించేస్తున్నారనే, బక్కగా ఉంటే స్కీలు కూడా పొట్టివే వాడాలని రూల్ తెచ్చారు, అదింకో కథ.)

సారా తకనాషికి వచ్చిన తేడా తొడ దగ్గర 2 సెంటీమీటర్లు. అంటే ముప్పావు అంగుళం. అంతకుముందు 103 మీటర్లు దూకింది. అరవైకి పైగా వరల్డ్ కప్ పోటీలు గెలిచిన పిల్ల, ఆ జంప్ లెక్కలోకి రాదని తెలిసి అక్కడే కూలబడి ఏడ్చింది, ఏడుస్తూనే రెండో రౌండ్‌లో మళ్ళీ వచ్చి దూకింది, జపాన్ నాలుగో స్థానంలో ఆగిపోయింది, ఆ తర్వాత నా వల్లే పతకం పోయిందని దేశం మొత్తానికి క్షమాపణ చెప్పుకుంది. ఆ వీడియో చూశాక చెప్పండి ఆ పిల్ల మోసగత్తె అని. స్లొవేనియా గోల్డ్ గెలిచింది, కెనడాకి స్కీ జంపింగ్‌లో మొట్టమొదటి ఒలింపిక్ మెడల్ వచ్చింది, వాళ్ళ తప్పేం లేదు, సంతోషమే.

ఇంకొకటి కూడా నన్ను కుట్టింది. మగవాళ్ళకి 1924 నుంచి ఒలింపిక్స్‌లో ఈ ఆట ఉంది. ఆడవాళ్ళకి ఇది మంచిది కాదు అని డాక్టర్ల పేరు చెప్పి 2014 దాకా రానివ్వలేదు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్ ముందు అమ్మాయిలు కోర్టుకి కూడా వెళ్ళారు, జడ్జి ఇది వివక్షే అని ఒప్పుకుంటూనే మేం ఆర్డర్ వెయ్యలేం అన్నారు. బీజింగ్‌లో కూడా మగవాళ్ళకి సింగిల్స్ రెండు కొండల మీద, ఆడవాళ్ళకి చిన్న కొండ ఒక్కటే. ఇంత కష్టపడి గుమ్మం లోపలికి వచ్చాక, ఎక్కువమంది చూసే కొత్త పోటీలో ఒకే రోజు ఐదుగురినీ టేపు పెట్టి బయటికి పంపారు. దాన్ని మీరు నాలుగేళ్ళ తర్వాత ఒక్క ముక్కలో మోసం అని తేల్చేశారు.

ట్రోండ్‌హైమ్ తర్వాత ఆ సీజన్ అయిపోయేదాకా ఒక్కో జంపర్‌కి ఒకటే సూట్ అన్నారు, అది కూడా అధికారుల దగ్గరే పెట్టుకుని పోటీకి ముందు ఇవ్వడం, అయిపోగానే తీసేసుకోవడం. నాకది నచ్చింది, గుడ్డ రాత్రిపూట మెషీన్ దగ్గరికి వెళ్ళకపోతే సగం గొడవ పోతుంది. కొలత గొడవ మాత్రం మనిషి చేత్తో టేపు పట్టినంత కాలం ఉంటుంది.

ఇక ట్రోండ్‌హైమ్ అంటే మీ బాక్స్‌లో దారం తప్ప ఇంకేం లేదు. అదే చోట డోమెన్ చెల్లెలు నికా ప్రెవ్‌ట్స్ రెండు కొండల మీదా గోల్డ్ కొట్టింది, పెద్ద కొండ మీద ఆమె గెలిచిన మర్నాడే అన్న గెలిచాడు. వారం తిరక్కుండా నార్వేలోనే వికెర్సుండ్ అనే ఇంకా పెద్ద కొండ మీద 236 మీటర్లు ఎగిరి ఆడవాళ్ళ వరల్డ్ రికార్డ్ పెట్టింది. అదే నెలాఖరుకి అన్న స్లొవేనియాలో అలాంటిదే ప్లానిత్సా కొండ మీద 254.5 మీటర్లు, మగవాళ్ళ రికార్డ్. ఒకే ఇంట్లో రెండు వరల్డ్ రికార్డులండీ, ఇంత మంచి వార్త వదిలేసి ప్యాంటు పట్టుకున్నారు.

నేను అడిగేది రెండే. ఆ చివరి లైన్ తప్పని చిన్న సవరణ వెయ్యండి, ఆ బాక్స్ ఎంత సైజు వేశారో సవరణ కూడా అంతే సైజులో. రెండోది, 2026 ఫిబ్రవరిలో ఇటలీలో ఒలింపిక్స్, ప్రెదాత్సోలో స్కీ జంపింగ్, ఆడవాళ్ళకి పెద్ద కొండ మీద సింగిల్స్ ఒలింపిక్స్‌లో ఇదే ఫస్ట్ టైమ్. దానికి ఒక ఫోటో, నాలుగు లైన్లు చోటివ్వండి. ఎవరి సూట్ అయినా లూజు అని తీసేస్తే, ఎక్కడ లూజు, ఎన్ని సెంటీమీటర్లు, కుట్టు విప్పారా లేక టేపుతో కొలిచారా అన్నది కూడా రాయండి, నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళకి అది చాలా బాగా అర్థమవుతుంది.

కరెంట్ వచ్చింది, మెషీన్ ఎక్కాలి, ఉంటానండీ.

ఇట్లు,
ఒక లేడీస్ టైలర్, ఖమ్మం