పెరటి కుంటలో కిరోసిన్ పోయమని పేపర్లో ఎలా వేస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

రెండు ఆదివారాల కిందట మీ ఇంటి పేజీలో పెరటి కుంటల్లోంచి కప్పలు, పాములు, కొంగల్ని వదిలించుకునే చిట్కాలు వేశారు కదా, దాని గురించే ఈ లెటర్. ఆ రోజే రాద్దామనుకున్నా, ఇవన్నీ ఎవరు చేస్తార్లే అని ఊరుకున్నా. తీరా చూస్తే మా పక్కింటావిడ ఆ కటింగ్ దాచుకుని మరీ తన కుంటలో కిరోసిన్ పోశారు. పొద్దున్నే కేకేసి "ఇదేంటండీ ఇలా అయింది" అంటే వెళ్లి చూశా. నీళ్ల మీద రంగులు రంగులుగా నూనె తెట్టు, ఒడ్డు పొడవునా తోకకప్పలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. కలువ కాడ పట్టుకుని పైకెక్కిన తూనీగ పిల్ల ఒకటి పాత తొడుగులోంచి సగం బయటికొచ్చింది, రెక్కలకి నూనె అంటుకుని విచ్చుకోలేక అక్కడే వేలాడుతూ చచ్చిపోయింది. ఆవిడకి కళ్లమ్మట నీళ్లు తిరిగాయి. ఆవిడ్ని నేనేం అనను, పేపర్లో వచ్చిందంటే నిజమేననుకునే మనిషి. మిమ్మల్నే అడుగుతున్నా, అది ప్రింటుకి పంపేముందు ఒక్క జువాలజీ లెక్చరర్‌కి ఫోన్ చేసి కనుక్కునేంత తీరిక మీ డెస్కులో ఎవరికీ లేకపోయిందా?

కిరోసిన్ పోస్తే దోమ లార్వాలు చస్తాయి, కాదనను. చాలా రకాలు తలకిందులుగా వేలాడుతూ తోక దగ్గరుండే గొట్టాన్ని నీటిపైకి పెట్టి గాలి పీలుస్తాయి, పైన నూనె ఉంటే ఊపిరాడదు. కానీ ఆ లార్వాల్ని తినే నీటి పురుగుల్లో చాలా రకాలు అలాగే పైకొచ్చి గాలి తీసుకునేవే, అవీ పోతాయి. కప్ప సంగతి ఇంకా ఘోరం, అది నీళ్లు నోటితో తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది, ఊపిరి కూడా కొంత చర్మంతోనే, అంటే మీరు చెప్పిన ఉప్పు, బ్లీచింగ్ పౌడర్ ఏదేసినా నేరుగా దాని ఒంట్లోకే. బ్లీచింగ్‌లోని క్లోరిన్‌కి చేపల మొప్పలు పాడైపోతాయి. మైలుతుత్తంతో నాచు పోతుందని కూడా రాశారు, ఆ నాచంతా ఒక్కసారిగా కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి చేపలు తేలతాయని రాయలేదేం? పైగా ఇంత చేసినా దోమలు పోవు. ఎండాకాలంలో గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు, ఆ లార్వాల్ని తినే తూనీగ పిల్ల ఎదగాలంటే చాలా రకాలకి నెలలు పడుతుంది, కొన్నింటికి ఏళ్లు. నూనె తెట్టు విడిపోయాక ముందు వచ్చి గుడ్లు పెట్టేది ఎవరో ఆలోచించండి.

దీనికన్నా నాకు ఒళ్లు మండిన చిట్కా ఇంకోటుంది. "చంపడం ఇష్టం లేకపోతే పట్టుకుని దూరంగా ఏదైనా చెరువులో వదిలేయండి" అట. చదవడానికి దయగా ఉంది, చేస్తే మాత్రం ఆ చెరువుకే చేటు. కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ ఫంగస్ ఉంది, ఇలా జీవాల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడం వల్లే ప్రపంచమంతా పాకింది. 2019లో సైంటిస్టులు లెక్కగట్టారు, కప్పలూ వాటి జాతి ఉభయచరాలూ కలిపి 501 రకాలు దాని వల్ల తగ్గిపోయాయి, అందులో 90 రకాలు అంతరించాయని. చెరుకు పురుగుల్ని తింటాయని 1935లో ఆస్ట్రేలియాకి తీసుకొచ్చిన కేన్ టోడ్ అనే గోదురుకప్ప కథా ఇలాంటిదే, తెచ్చింది సుమారు ఓ వంద, ఇప్పటికీ వాటిని ఆపలేకపోతున్నారు. ఎర్రచెవుల తాబేళ్ల సంగతీ అంతే. రూపాయి బిళ్లంత ఉందని పిల్లలకి కొనిస్తారు, అది పళ్లెమంత పెరిగి ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది, విసుగొచ్చి చెరువులో వదిలేస్తారు, అక్కడి సొంత తాబేళ్లకి ఎండకి కూర్చునే చోటు కూడా దక్కదు. మీ పేపరేమో ఆ పనే చేయమని లక్షల మందికి చెప్పింది.

అధికారుల గురించి కూడా చెప్పాలి. మా పెరట్లో నైలాన్ నెట్‌లో నీళ్ల పాము చిక్కుకుంటే నాలుగు చోట్లకి ఫోన్ చేశాను, అది మా శాఖ కాదంటే మా శాఖ కాదని ఒకరి మీద ఒకరు తోసుకున్నారు, ఆఖరికి ఒకాయన "కర్రతో ఒక్కటి వేయండమ్మా" అన్నాడు. ప్రభుత్వ ఫోన్‌లో! పాములు పట్టే కుర్రాడొచ్చి గోళ్ల కత్తెరతో ఒక్కో దారం కత్తిరించేసరికి గంట పట్టింది, పొలుసుల కింద దారం కోసుకుపోయి రక్తం. అది విషం లేని పాము. మా కుంట దగ్గర నేను అదే నెట్ వాడానని ఇప్పటికీ బాధే. ఇక దోమలకని గంబూసియా చేపలు సంచుల్లో తెచ్చి కనిపించిన నీళ్లలోకల్లా వదిలేసే వాళ్లున్నారు, అవి ఉత్తర అమెరికా చేపలు, తోకకప్పల్నీ ఇక్కడి చేపల గుడ్లనీ తినేస్తాయి, ప్రపంచంలో అతి చేటు చేసే వంద ఆక్రమణ జీవుల లిస్టులో దాని పేరుంది. ఫొటోలు దిగుతారు, వెళ్లిపోతారు, మళ్లీ వచ్చి చూసిన పాపాన పోరు.

మీరు రాయాల్సింది వేరే ఉంది. పాము వచ్చేది కప్పల కోసం, కప్పలొచ్చేది పురుగుల కోసం, పురుగులొచ్చేది రాత్రంతా వెలిగే లైటు కోసం, ముందు ఆ లైటు ఆపమని రాయండి. చేపలకి మేత మిగిలిపోయేలా వేయొద్దు, దానికే ఎలుకలొస్తాయి. కొంగ ఒడ్డు మీంచి మెల్లగా నడుచుకుంటూ దిగుతుంది, అందుకని ఒక వైపు నిటారుగా లోతు ఉండాలి, అడుగున చేపలు దాక్కోవడానికి పైపు ముక్కలు వేయాలి. కొంగ బొమ్మ పెడితే రాదన్నారు, మా దగ్గర మూడో రోజుకే దాని పక్కనే వచ్చి నిలబడింది. నెట్ వేయాల్సి వస్తే చిటికెన వేలు కూడా దూరని సన్న కన్నాలది బిగించి కట్టాలి, వదులుగా ఉంటే అది ఉరే. లోపల పడ్డ జీవం ఎక్కి రావడానికి ఒక పక్క వాలుగా రాళ్లు పేర్చాలి. దోమలకి బీటీఐ అని బ్యాక్టీరియా మందుంది, 1976లో కనిపెట్టారు, లేబుల్ మీద చెప్పినంతే వేస్తే దోమ లార్వాలు పోతాయి, చేపలకీ కప్పలకీ ఏమీ కాదు. పాము ఇంటి దాకా వస్తే మాత్రం రకం గుర్తుపట్టే ప్రయత్నం చేయకుండా దూరంగా ఉండి, పట్టేవాళ్లని పిలవాలి.

పక్కింటావిడ నీళ్లు మొత్తం తోడించేశారు, ఆ నూనె నీళ్లు కాలవలో పోయకుండా ఎక్కడ పారబోయాలో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు, డ్రమ్ముల్లో అలాగే ఉన్నాయి. సవరణ వేస్తే లోపలెక్కడో మూలన రెండు లైన్లు కాదు, అదే ఆదివారం పేజీలో, అదే సైజు అక్షరాలతో వేయండి. దాంతోపాటు ఆ డ్రమ్ముల నీళ్లు ఏం చేయాలో సంబంధిత అధికారిని అడిగి అది కూడా వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు