వైరింగ్ శిక్షణ గదికి పనిముట్లు కావాలి: దేవాలయ కమిటీ విజ్ఞప్తి

క్రీస్తునందు ప్రియ విశ్వాసులకు, కనిగిరి ప్రాంత పెద్దలకు వందనాలు.

పది తప్పిన మన పిల్లలు బెంగళూరుకో హైదరాబాదుకో బేల్దారి పనులకు వెళ్లిపోతున్నారు. పనితనం లేకుండా వెళ్లినవాడు ఏళ్లు గడిచినా సిమెంటు తట్ట దగ్గరే ఉంటాడు. అందుకని దేవాలయ ఆవరణలోని పాత గదిలో సాయంత్రాలు ఇళ్ల వైరింగ్ నేర్పించాలనుకుంటున్నాం. ఆడపిల్లలూ రావచ్చు. కులమతాలు అడగం.

ఈ దారి ఇటలీ దేశపు గురువు పునీత డాన్ బోస్కో వేసిందే. పని వెతుక్కుంటూ ట్యూరిన్ నగరానికి చేరిన పేద పిల్లలను ఆయన దగ్గరికి తీశారు. 1853లో చెప్పుల పని, దర్జీ పని నేర్పే గదులు తెరిచారు. 1859లో సలేషియన్ సభ అనే మఠవాసుల సంఘాన్ని స్థాపించారు. ఆ సభ 1906లో తంజావూరులో అడుగుపెట్టింది. ఆయన చేసినవాటిలో మాకు అన్నిటికన్నా విలువైనది పనికి పెట్టే ముందు రాయించిన ఒప్పందం. 1852 నాటి ఒక వడ్రంగి కుర్రాడి ఒప్పందంలో యజమాని మాటతోనే దిద్దాలి, కొట్టకూడదు, వృత్తికి సంబంధం లేని చాకిరీ చేయించకూడదు, పండుగ రోజుల్లో సెలవివ్వాలి అని ఉంది. మన పిల్లల్ని తీసుకునే మేస్త్రీల చేత ఇవే షరతులు రాయించి సంతకం తీసుకుంటాం.

బ్యాచ్‌కు పది మంది. ఒక్కొక్కరికి టెస్టరు, కటింగ్ ప్లయరు, స్ట్రిప్పరు, స్క్రూడ్రైవర్ల సెట్టు కావాలి. ఇద్దరికొకటి చొప్పున ఐదు చెక్క బోర్డులు, గదికంతా కలిపి ఒక మల్టీమీటరు, ఒక మెగ్గరు (వైరు తొడుగు కరెంటును ఎంత బాగా ఆపుతోందో కొలిచే పరికరం). లైట్లకు 1.5, పవర్ సాకెట్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. 6, 16 ఆంపియర్ల ఎంసీబీలు (కరెంటు మితిమీరితే వాటంతటవే పడిపోయే స్విచ్‌లు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్). మెగ్గరు కనీసం 1 మెగోమ్ (పది లక్షల ఓమ్‌ల నిరోధం) చూపించాకే బోర్డుకు కరెంటు ఇస్తాం.

దయచేసి పాత వైరు ఇవ్వకండి. దాని తొడుగు బిరుసెక్కి, వంచిన చోట చిట్లుతుంది. ప్లయర్లు ఐఎస్ఐ గుర్తున్నవే ఇవ్వండి. నాసిరకం పిడి చీలితే షాక్ కొడుతుంది.

అసలు ఖర్చు ఎర్తింగ్ (లీకైన కరెంటును భూమిలోకి దింపే గుంత) దగ్గర ఉంది. మనది రాతి నేల, వేసవిలో గుంత ఎండిపోతుంది. తడి పోతే నిరోధం పెరిగి, లీకైన కరెంటు భూమిలోకి సరిగా దిగదు. అప్పుడు ఎంసీబీ పడదు, మోటారు ఒంటి మీదే కరెంటు నిలిచి ఉంటుంది. ఆర్‌సీసీబీ అడిగేది కూడా అందుకే. 2.5 మీటర్ల జీఐ (జింకు పూత ఇనుము) పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు వేసి, నీళ్లు పోయడానికి పైన గరాటు పెట్టాలి. బండ తగిలితే అడ్డంగా కందకం తీసి జీఐ పట్టీ పరవాలి. గుంత తవ్వడానికి శ్రమదానం చేసేవాళ్లు ఆదివారం పూజ తర్వాత పేర్లివ్వండి.

కువైట్, ఖతర్‌లలో ఉన్న మనవాళ్లు భారత పౌరులైతే తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు మాత్రం పంపవద్దు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేని ఖాతాలో ఆ డబ్బు జమ కాకూడదు.

జనవరి 31, డాన్ బోస్కో పండుగ నాటికి బోర్డులు గోడకెక్కాలి. కాబట్టి విరాళాలు, వస్తువులు క్రిస్మస్‌లోగా విచారణ (పారిష్) కార్యాలయంలో అందజేయండి. రసీదు లేకుండా ఎవరికీ ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఇట్లు,
దేవాలయ కమిటీ