కీబోర్డు నిద్రపోయినా మీ వాక్యం పోదు: కొత్త వెర్షన్‌లో ఏం సరిచేశాం, ఏం మిగిలింది

ఫోన్‌కు బ్లూటూత్ కీబోర్డు కలిపి మా యాప్‌లో రాసుకునేవాళ్లందరికీ ముందు తప్పు సంగతి చెప్పాలి. కిందటి వెర్షన్‌లో కాసేపు ఆగి మళ్లీ మొదలుపెడితే కొందరికి కర్సర్ ఫైలు మొదటికి వెళ్లిపోయింది. చివర రాసిన రెండు మూడు వాక్యాలు కనిపించలేదు, అన్‌డూ కోసం కంట్రోల్ జెడ్ కొట్టినా రాలేదు. లోపం మీ కీబోర్డుది కాదు, మాది. క్షమించండి. అలా పోయినదాన్ని వెనక్కి తెచ్చే దారి మా దగ్గర లేదు. నష్టపోయినవాళ్లు అడిగితే కారణాలు అడక్కుండా డబ్బు వాపసు ఇస్తాం.

బ్లూటూత్ కీబోర్డు కొన్ని నిమిషాలు ఊరికే ఉంటే బ్యాటరీ ఆదా కోసం నిద్రపోతుంది, కనెక్షన్ తెగుతుంది. ఆండ్రాయిడ్ లెక్కలో కీబోర్డు ఊడటమంటే తెరను నిలువు నుంచి అడ్డానికి తిప్పినంత పెద్ద మార్పు. ఆ మార్పును తనే చూసుకుంటానని యాప్ తన వివరాలు సిస్టమ్‌కు చెప్పుకునే ఫైలైన మేనిఫెస్ట్‌లో ముందే చెప్పకపోతే, సిస్టమ్ ఆ తెరను మూసేసి మళ్లీ కొత్తగా తెరుస్తుంది. తెర తిప్పడం గురించి చెప్పాం, కీబోర్డు గురించి మరిచాం. పైగా సేవ్ 30 సెకన్లకోసారి మాత్రమే జరిగేది. తెర మూసుకునే క్షణంలో సేవ్ చేయాలన్న కనీస జాగ్రత్త కూడా తీసుకోలేదు. అందుకే పాత కాపీ తెరుచుకుంది.

ఇప్పుడు కీబోర్డు తెగినా, మళ్లీ కలిసినా తెర కదలదు. టైపింగ్ ఆపిన 2 సెకన్లకు సేవ్ అవుతుంది, వేరే యాప్‌లోకి వెళ్లగానే ఇంకోసారి అవుతుంది. సేవ్ చేసే పద్ధతీ మార్చాం. మీ ఫైలు మీదే తిరగరాయకుండా, పక్కన తాత్కాలిక ఫైలులో రాసి, అది పూర్తిగా స్టోరేజీకి చేరాకే దానికి అసలు పేరు పెడుతున్నాం. మధ్యలో ఛార్జింగ్ అయిపోయినా పాత ఫైలో కొత్త ఫైలో నిండుగా ఉంటుంది, సగం తెగిన ఫైలు మిగలదు.

నిద్రపోయిన కీబోర్డును లేపేటప్పుడు మొదట నొక్కిన ఒకటి రెండు కీలు ఫోన్‌కు చేరకపోవచ్చు. అది యాప్ చేతిలో లేదు. అక్షరం కాకుండా షిఫ్ట్ నొక్కి లేపండి, ఒక్క క్షణం ఆగి రాయండి.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో పెద్ద మార్పు ఉంది. 'స్త్రీ' చూడటానికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. భారతీయ భాషల కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టేదీ ఆరు కీలే. అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్ పాత నియమాలు దీన్ని మూడు ముక్కలుగా చూసేవి. మేం వాడిన లైబ్రరీ, అంటే ముందే రాసి ఉంచిన కోడ్, ఆ పాత నియమాలదే కావడంతో బాణం కీ కొడితే కర్సర్ అక్షరం నడుమ రెండుసార్లు ఆగేది. బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొడితే 'రీ' మొత్తం ఊడి 'స్త్' మిగిలేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా లెక్కించింది. ఇప్పుడు బాణం కీ ఆ నియమం ప్రకారమే 'స్త్రీ'ని ఒక్క గంతులో దాటుతుంది. బ్యాక్‌స్పేస్‌ను మాత్రం కావాలనే వేరుగా ఉంచాం, ఒక్కో సంకేతాన్నే తీస్తుంది. దీర్ఘం బదులు గుడి పెట్టాలంటే అక్షరమంతా మళ్లీ కొట్టడం అన్యాయం కదా.

'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో 'ట్' తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉండాలి, లేకపోతే వకారం కిందికి దిగి 'సాఫ్ట్వేర్' అవుతుంది. ఆ గుర్తుకు కంట్రోల్ హైఫన్ ఇచ్చాం. వెతికేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోం కాబట్టి రెండు రూపాలూ దొరుకుతాయి.

వరుసల మధ్య ఎడం కూడా కాస్త పెంచాం. ఇంతకుముందు చిన్న తెర మీద ఎక్కువ వరుసలు పట్టించాలన్న ఆశతో బాగా తగ్గించాం, కింది ఒత్తులు తెగిపోయాయి.

సగం తెర ఇంకా తెర కీబోర్డుకే పోతుంటే, ఫోన్ సెట్టింగ్స్‌లో ఫిజికల్ కీబోర్డు అన్న చోట, అది కలిసి ఉన్నప్పుడు తెర కీబోర్డు చూపించే స్విచ్ ఉంటుంది. దాన్ని ఆపేయండి. ఆల్ట్ ట్యాబ్ లాంటివి సిస్టమ్ తనే పట్టేసుకుంటుంది, మా దాకా రావు. కాబట్టి మా షార్ట్‌కట్లన్నీ కంట్రోల్‌తోనే ఉన్నాయి. ఎస్కేప్‌కు ఏ పనీ పెట్టలేదు. కొన్ని ఫోన్లలో అది బ్యాక్ కొట్టినట్టే పనిచేస్తుంది.

రెండు లోపాలు మిగిలాయి. అన్‌డూ ఇంకా మెమరీలోనే ఉంటోంది. ర్యామ్ తక్కువున్న ఫోన్‌లో మీరు వేరే యాప్‌లో ఉండగా ఆండ్రాయిడ్ మా యాప్‌ను దించేస్తే రాసింది భద్రం, అన్‌డూ చరిత్ర పోతుంది. రెండోది ఇంకా ముఖ్యం. తాత్కాలిక ఫైలు పద్ధతి యాప్ సొంత ఫోల్డర్‌లోని ఫైళ్లకే వర్తిస్తుంది. క్లౌడ్ ఫోల్డర్ నుంచి నేరుగా తెరిచిన ఫైలు మీద తిన్నగా రాయక తప్పడం లేదు, ఎందుకంటే అక్కడ పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టే పని నమ్మకంగా జరగదు. అది తేలేదాకా యాప్ ఫోల్డర్‌లోనే రాయండి, రోజు పని అయ్యాక కంట్రోల్ ఈ కొట్టి కాపీని క్లౌడ్‌కు పంపండి.