ఇంట్లో ఒపెరా వినడం గురించి అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,
నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. సెలవు రోజు మధ్యాహ్నం తలుపు వేసుకుని, మోజార్ట్ ఒపెరా ‘ఫిగరో పెళ్లి’ని, పాటలతోనే సాగే ఆ నాటకాన్ని, మొదటి నుంచి చివరిదాకా వినాలని కూర్చున్నానని, నలభై నిమిషాలు గడిచేసరికి కళ్లు మూతలు పడ్డాయని, ‘నాకు ఆ చెవి లేదేమో నాన్నా’ అని రాశావు. నీ చెవికి వచ్చిన లోటేమీ లేదు. తెలియని భాషలో, కళ్ల ముందు రంగస్థలమే లేకుండా, మూడు గంటల నాటకాన్ని ఒక్క బిగిన వినగలిగావని రాసి ఉంటే నేను ఆశ్చర్యపోయేవాణ్ణి. 1786లో వియన్నాలో ఆ ఒపెరాను మొదటిసారి చూసినవాళ్లకు దుస్తులు, దీపాలు, తెరలు, నటుల ముఖాలు అన్నీ సాయపడ్డాయి. వాటన్నిటినీ తీసివేసి ఉత్త శబ్దాన్ని మాత్రమే గదిలోకి తెచ్చుకున్నప్పుడు, వినే పద్ధతి కూడా కొంత మారక తప్పదు.

థియేటరులో కూర్చున్నవాడికి లేని సౌకర్యం ఒకటి ఇంట్లో విన్నవాడికి ఉంది. అతను వెనక్కి వెళ్లగలడు. ఇంత చిన్న విషయం గురించి చెప్పాలా అనుకుంటావేమో గానీ, నాకు తెలిసి ఇంటి శ్రవణానికి ప్రాణమంతా అక్కడే ఉంది. ఫిగరో మొదటి దృశ్యాన్నే తీసుకో. తెర లేచేసరికి ఫిగరో గది కొలుస్తుంటాడు: ఐదు, పది, ఇరవై, ముప్పై, ముప్పైఆరు, నలభైమూడు. మంచం ఇక్కడ పడుతుందా లేదా అన్నది అతని ధ్యాస. అతను పెళ్లాడబోయే సుసాన్నా అద్దం ముందు నిలబడి, తాను కుట్టుకున్న టోపీని సరిచూసుకుంటూ, ఒక్కసారి ఇటు చూడమని అడుగుతూ ఉంటుంది. కొలతలది ఒక బాణీ, టోపీది మరొక బాణీ. కాసేపు ఎవరి గొడవలో వారుంటారు. చివరికి ఫిగరో తన కొలతలు వదిలిపెట్టి, ఆమె బాణీలోకి వచ్చి ఆమెతో కలిసి పాడతాడు. ఆ సంసారంలో ఎవరి మాట నెగ్గబోతోందో మోజార్ట్ మూడు నిమిషాలలో తేల్చి చెప్పేశాడన్నమాట.

మొదటిసారి విన్నప్పుడు నాకు ఇదేమీ తెలియలేదు. ఇద్దరెవరో హుషారుగా పాడుతున్నారని మాత్రం అనిపించింది. పాఠం చదివి రెండవసారి విన్నప్పుడు అంకెలు వినిపించాయి. మూడవసారో నాలుగవసారో ఫిగరో బాణీ మార్చిన చోటు దొరికింది. ఆ సాయంత్రమంతా ఆ చోటునే తిప్పి తిప్పి వింటూ ఉంటే, మీ అమ్మ లోపలికి వచ్చి, ‘అది పాడైపోయిందా, మీరు పాడైపోయారా?’ అని అడిగింది.

అందుచేత నీకు నేను చెప్పే మొదటి మాట, ఒక పూటకు ఒక దృశ్యం చాలు. ముక్కలుగా వినడం సంగీతానికి అపచారమని కొందరు పెద్దలు అంటారు గానీ, ఇళ్లలో ఒపెరా వినడం మొదలైనదే ముక్కలతో. 1902లో ఇటలీ గాయకుడు కరూసో మిలాన్‌లోని ఒక హోటల్ గదిలో పది పాటలు పాడి రికార్డు చేయించాడు. మైకు లేని రోజులవి. గాయకుడు గరాటులాంటి పెద్ద కొమ్ములోకి పాడితే, ఆ శబ్దపు తాకిడికి కదిలే సూది మైనపు పలక మీద గాడి గీసేది. ఆ కాలపు పెద్ద రికార్డుకు కూడా ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలకు మించి పట్టేది కాదు. మూడు గంటల ఒపెరా పూర్తిగా వినాలంటే నలభైసార్లు లేచి రికార్డు తిప్పడమో మార్చడమో చేయాలని లెక్క వేసుకో. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చి ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటేదాకా ఇంటి శ్రోతల పరిస్థితి అదే. వాళ్లు ఒక పాటను అరిగిపోయేదాకా విని, దానిలోని ప్రతి ఊపిరినీ గుర్తుపెట్టుకున్నారు. అన్నీ చేతికి అందుతున్న మనకు ఆ ఓపిక అలవడకపోవడం విచిత్రమే.

ఇక పాఠం సంగతి. ఒపెరా పాఠాన్ని లిబ్రెటో అంటారు. పాత రికార్డు పెట్టెలలోను, సీడీ పెట్టెలలోను దానిని మూల భాషలో ఒక వరుసగా, అనువాదాన్ని పక్క వరుసగా అచ్చు వేసి పెట్టేవారు. ఫోనులో వినేటప్పుడు ఆ పుస్తకం చాలాసార్లు రాదు కనుక విడిగా వెతికి దగ్గర పెట్టుకో. కథా సారాంశం ఒక్కటే చదివితే చాలదు. ఎవరు ఎవరిని ప్రేమించారో సారాంశం చెబుతుంది గానీ, ఆ క్షణంలో ఏ మాట దగ్గర గొంతు వణికిందో చెప్పదు. ప్రతిపదార్థం తెలిసిన పద్యాన్ని విన్నట్టే ఇది కూడా. ముందు ఆ దృశ్యం మటుకు చదువు. పుస్తకం మూసి ఒకసారి విను. తరువాత పాఠం మీద వేలు నడుపుతూ మరొకసారి విను. అదే పనిగా చదువుతూ వింటే కళ్లు ముందుకు పరుగెత్తి చెవిని వెనక వదిలేస్తాయి, అది నా అనుభవం. పాటకూ పాటకూ మధ్య కీబోర్డు వాద్యం తోడుగా గబగబా సాగే సంభాషణలను మొదట్లో దాటేసినా తప్పులేదు. ఈ మాట విని పండితులు నన్ను కోప్పడతారు, కోప్పడనీ. కథ వంటబట్టాక ఆ సంభాషణలు వాటంతట అవే రుచిస్తాయి.

ముక్కలుగా వినమన్నాను గానీ, ముక్కలు చేయవలసింది నువ్వు, యంత్రం చేయకూడదు. ఫోనులోని యాప్ దృష్టిలో ప్రతి ట్రాకూ ఒక విడి పాట. ఒకసారి నేను చూసుకోకుండా వరుస కలగలిపే మీట నొక్కి, కుర్చీలో వెనక్కి వాలాను. ఫిగరో యజమాని కౌంట్ ఇంకా ఏ తప్పూ చేయకముందే అతని భార్య కౌంటెస్ అతన్ని క్షమించేసింది. ఆ తరువాత పెళ్లి ఊరేగింపు, దాని వెనక గది కొలతలు వచ్చాయి. ట్రాకుల మధ్య విరామం రాకుండా చేసే సదుపాయం ఉంటే దానిని పెట్టుకో. ఒక పాట చివరను మరొక పాట మొదలులో కలిపేసే సదుపాయాన్ని, అన్ని పాటల శబ్దాన్నీ ఒకే స్థాయికి తెచ్చే సదుపాయాన్ని ఆపివేయి. వాగ్నర్ ఒపెరా ‘రైన్‌గోల్డ్’ రెండున్నర గంటలు ఎక్కడా తెర పడకుండా సాగుతుంది. అందులో ట్రాకు మారినప్పుడల్లా అర క్షణం నిశ్శబ్దం పడితే, నడిచే మనిషి కాలికి అడుగడుగునా రాయి తగిలినట్టు ఉంటుంది.

శబ్దం ఎంత పెట్టుకోవాలో కూడా ఒక దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాను. సినిమా పాటలలో మొదటి నుంచి చివరిదాకా శబ్దం ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటుంది. శాస్త్రీయ సంగీతపు రికార్డింగులలో గుసగుసకూ గర్జనకూ మధ్య ఉన్న దూరాన్ని చాలావరకు అలాగే ఉంచుతారు. హైడన్ 94వ సింఫనీ, 1792లో లండన్‌లో మొదటిసారి వినిపించిన వాద్యబృంద రచన, దాని రెండవ భాగం పిల్లల పాటలాగా మెల్లగా మొదలవుతుంది. అదే బాణీని ఇంకా మెల్లగా మరొకసారి వాయిస్తారు. సరిగా వినపడడం లేదని నేను లేచి శబ్దం పెంచాను. పదహారవ గతిలో, అంటే తాళపు పదహారవ కొలతలో, వాద్యబృందమంతా ఒక్కసారిగా విరుచుకుపడింది. పక్క గదిలో అప్పటికి ఏడాది నిండని నువ్వు ఉలిక్కిపడి లేచి ఏడవడం, ఆ తరువాత మీ అమ్మ నాతో మాట్లాడకపోవడం రెండూ హైడన్ ఖాతాలో వేయవలసినవే. అందువల్ల కొత్త రికార్డింగు దేనినైనా వినే ముందు, అందులో బాగా గట్టిగా ఉండే చోటును వెతికి, అది చెవికి ఇబ్బంది కలిగించనంతగా శబ్దాన్ని పెట్టుకో. మెల్లని చోటు మరీ మెల్లగా అనిపిస్తే, మీట జోలికి వెళ్లకుండా ఫ్యాను ఆపు.

స్పీకర్ల గురించి అడిగావు. దాని మీద పెద్దగా చెప్పవలసింది లేదు. రెండు స్పీకర్లూ నీ కుర్చీ కలిసి మూడు పక్కలూ సమానమైన త్రిభుజంగా ఉండేలా అమర్చుకో, మూలలలోకి నెట్టకు. మూలకు చేర్చిన స్పీకరు కింది స్వరాలను ఉబ్బించి గుమ్ముమంటుంది. హెడ్‌ఫోన్లలో తీగల మీద విల్లు రాపిడి, గాయని ఊపిరి దగ్గరగా వినిపిస్తాయి గానీ, పాడేవాళ్లు నీ తలలోనే నిలబడ్డట్టు ఉంటుంది. ఒపెరాకు నీ ఎదురుగా కొంత జాగా కావాలి. స్టీరియో రికార్డులు బజారులోకి వచ్చిన 1958లోనే, షోల్టీ నిర్వహణలో వియన్నాలో ‘రైన్‌గోల్డ్’ రికార్డు చేశారు. దాని నిర్మాత జాన్ కల్షా పాడేవాళ్లను ఒకచోట నిలబెట్టకుండా, నాటకంలో లాగా అటూ ఇటూ జరుపుతూ పాడించి, ఇంట్లో వినేవాడికి రెండు స్పీకర్ల మధ్య రంగస్థలం కట్టి ఇచ్చాడు. దాని ఆరంభం నీ స్పీకర్లకు మంచి పరీక్ష. డబుల్ బేస్‌లనే పెద్ద తీగవాద్యాలు, ఉన్నాయో లేవో తెలియనంత లోతులో ఒక్క స్వరాన్ని పట్టుకుంటాయి. వాటి మీద బాసూన్లనే ఊదే వాద్యాలు, వాటి మీద ఒకదాని తరువాత ఒకటిగా ఎనిమిది హార్న్‌లు చేరుతూ, 136 గతుల పాటు మూల శ్రుతి మారకుండా, రైన్ నది పొంగుతున్నట్టు వినిపిస్తుంది.

అయితే శబ్దం మెరుగుగా ఉన్నదే మంచి రికార్డింగు అనుకోకు. 1953లో మిలాన్‌లోని లా స్కాలా ఒపెరా బృందంతో, డి సబాతా నిర్వహణలో మరియా కాలస్ పాడిన పుచ్చినీ ఒపెరా ‘టోస్కా’ మోనో రికార్డింగు. ఒకే దిక్కు నుంచి వినిపిస్తుంది, కొంచెం పాతబడిన వాసన వేస్తుంది. రెండవ అంకం చివర, తనను చెరపట్టబోయిన పోలీసు అధిపతిని పొడిచి చంపాక, ఇతని ముందేనా రోము నగరమంతా వణికింది అని టోస్కా అంటుంది. ఆ మాటకు రాగం లేదు, కింది స్థాయిలో ఒకే స్వరం మీద దాదాపు మాట్లాడినట్టే ఉంటుంది. అక్కడ కాలస్ గొంతులో తిరస్కారం ఎంతో, అలసట ఎంతో వేరు చేయడం నావల్ల ఇప్పటికీ కాలేదు. ఆమె ముఖం కనిపించడం లేదన్న లోటు నాకు అక్కడ తోచలేదు.

తిప్పి తిప్పి వినడంలో ఒక ప్రమాదమూ ఉంది, అది దాచకూడదు. ఒకే రికార్డింగును యాభైసార్లు వింటే, ఆ ఒక్క తీరే ఆ సంగీతమని చెవి నిర్ణయించేసుకుంటుంది. మరెవరు పాడినా తప్పు పాడినట్టు ఉంటుంది. దీనికి విరుగుడు రెండవ రికార్డింగు. గ్లెన్ గూల్డ్ పియానో మీద బాఖ్ ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ను 1955లో వాయించాడు, 1981లో మళ్లీ వాయించాడు. మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండవది 51. ఆరంభపు పాటను యువకుడిగా రెండు నిమిషాలలోపే ముగించినవాడు, తరువాత దానికి మూడు నిమిషాలు తీసుకున్నాడు. అదే మనిషి, అవే స్వరాలు. మొదటిది విన్నప్పుడు వేళ్ల చురుకుకు ముచ్చట వేస్తుంది. రెండవదానిలో ఒక్కో స్వరాన్ని చేత్తో తడిమి చూసి కింద పెడుతున్నట్టు ఉంటుంది. వెనక అతను కూనిరాగం తీయడం కూడా వినిపిస్తుంది. అది కొందరికి చిరాకు. నాకు మాత్రం ఆ గొంతు లేకపోతే ఏదో తగ్గినట్టే ఉంటుంది.

ఇప్పుడు మళ్లీ ఫిగరో దగ్గరికి వస్తాను. ఆపేసిన చోట నుంచి మొదలుపెట్టకు. రెండవ అంకం ముగింపు, సుమారు ఇరవై నిమిషాలు, అది ఒక్కటే విను. గదిలో దాగాడనుకున్న కుర్ర సేవకుడిని బయటికి లాగి చంపుతానని కత్తి దూసిన కౌంట్, అతన్ని ఆపలేక వణికే కౌంటెస్, ఇద్దరితో మొదలవుతుంది. ఆ కుర్రవాడు అప్పటికే కిటికీలోంచి దూకేశాడు, తలుపు తీస్తే బయటికి వచ్చేది సుసాన్నా. తరువాత ఫిగరో వస్తాడు. ఆ తరువాత, కిటికీలోంచి ఎవడో దూకి పూల మొక్కలు తొక్కేశాడని గోల పెడుతూ తోటమాలి వస్తాడు. దూకింది నేనేనని ఫిగరో కుంటడం మొదలుపెడతాడు. అయితే నువ్వు పారేసుకున్న ఈ కాగితం ఏమిటో చెప్పమని కౌంట్ నిలదీస్తాడు. కౌంటెస్ సుసాన్నా చెవిలో, సుసాన్నా ఫిగరో చెవిలో జవాబు అందిస్తారు. అంతసేపూ వాద్యబృందం ఒకే చిన్న స్వరాల ముక్కను పట్టుకుని, ప్రశ్న అడిగేవాడి వేలిలాగా వదలకుండా తడుతూనే ఉంటుంది. చివరికి తోటమాలి వెళ్లిపోయి, ఫిగరో మీద దావాతో ముగ్గురు వచ్చి చేరాక, అటు నలుగురు ఇటు ముగ్గురు, ఏడు గొంతులు ఒకేసారి పాడతాయి. మాటల నాటకంలో ఏడుగురు ఒకేసారి మాట్లాడితే అల్లరి తప్ప ఏమీ మిగలదు. ఇక్కడ ఎవరి కోపం వారిదిగా, ఎవరి భయం వారిదిగా వినిపిస్తాయి. అయితే ఒక్కసారికే ఏడూ వినిపించవు.

మొదటిసారి సుసాన్నా గొంతును మాత్రమే పట్టుకుని వెళ్లు. మరునాడు కౌంట్ గొంతును పట్టుకో. వారం తరువాత నాకు మళ్లీ రాయి: తోటమాలి వచ్చాక, కౌంట్ కాగితం చేతిలోకి తీసుకునే ముందు, సంగీతం నడక ఒకచోట నెమ్మదిస్తుంది. ఆ చోటు నీకు పాఠం చూడకుండా దొరికిందా, చూసి దొరికిందా?

మీ అమ్మ ఆశీస్సులు చెప్పమంది.

ఇట్లు,
నాన్న