శనగలకు తాళం, ఆప్షన్లకు ఓరగా తలుపు

సంపాదకుడు గారికి నమస్కారం.

మంగళవారం మధ్యాహ్నం మా బ్రాడీపేటలో ఏ టీ కొట్టు దగ్గరైనా కాసేపు నిలబడండి. "కాల్ పట్టాను బావా, మూడున్నరలోపు డబుల్ అవ్వాలి" లాంటి మాటలు వినపడతాయి. నిఫ్టీ అనే షేర్ల సూచీ పెరుగుతుందనో పడుతుందనో కొద్ది సొమ్ముతో వేసే పందేల్లాంటివే ఆప్షన్లు, పెరుగుతుందని వేసేది కాల్. వాటిలో వారపు రకానికి గడువు తీరేది, అంటే వీక్లీ ఎక్స్‌పైరీ, ఆ రోజే మరి. 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్ల వ్యాపారంలో దిగిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారనీ, పోయిన సొమ్ము 1.8 లక్షల కోట్లు దాటిందనీ మార్కెట్లను నియంత్రించే సెబీయే చెప్పింది.

సెబీ చేతులు ముడుచుకుని కూర్చుందని అనను. 2024 నవంబరు నుంచి ఒక్కో ఎక్స్ఛేంజీకి ఒకే సూచీ మీద వీక్లీ అంది, కాంట్రాక్టు విలువ కనీసం 15 లక్షలు ఉండాలంది. కానీ ఆ 15 లక్షలతో ఆప్షన్ కొనే కుర్రాడికి పనేముంది? ఎక్స్‌పైరీ రోజు ప్రీమియం, అంటే ఆప్షన్ కొనే ధర, అయిదు రూపాయలకు పడితే లాటు (ఒకేసారి కొనాల్సిన కనీస మోత) మొత్తం మూడు నాలుగు వందలకే వచ్చేస్తుంది, సినిమాకి వెళ్లే డబ్బుల్లో పని అయిపోతుంది. 2024-25లోనూ 91 శాతం మందికి నష్టమే అని మళ్లీ సెబీ లెక్కే.

మరి ఇదే సెబీ 2021 డిసెంబరులో, ధరలు పెరుగుతున్నాయని ప్రభుత్వం కంగారు పడుతున్న రోజుల్లో, వరి, పెసలు, శనగలతో సహా ఏడు సరుకుల ఫ్యూచర్స్‌ని, అంటే రాబోయే నెలల సరుకుకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాల వ్యాపారాన్ని, ఆపేసింది. ముందు ఏడాదే అన్నారు, తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చారు. ఒంగోలు వైపు శనగ రైతు తనే కూర్చుని ట్రేడింగ్ చేసేవాడని నేననను, అంత సీనేమీ లేదు. కానీ విత్తే నాటికే రాబోయే నెలల ధర ఎంత పలుకుతోందో తెరమీద కనపడితే, కళ్లం దగ్గరికొచ్చే దళారి చెప్పిందే రేటు అనుకోవాల్సిన ఖర్మ పట్టదు కదా. సరుకు కొని నిల్వ పెట్టే వ్యాపారికీ ధర పడిపోతే కాస్త రక్షణ ఉంటుంది.

2012లో గ్వార్, అదే మన గోరుచిక్కుడు గింజల ధర అడ్డూ అదుపూ లేకుండా పోతే అప్పట్లో సరుకుల ఫ్యూచర్స్ చూసే ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్ వాటిని ఆపింది, మరుసటి ఏడాదే తిరిగి తెరిచింది. 2015లో ఆ కమిషన్‌ని సెబీలో కలిపేశారు, తిరిగి తెరిచే ఆ తెగువ మాత్రం కలిసినట్టు లేదు. ఒక్కొక్కరు ఎన్ని కాంట్రాక్టులు పట్టుకోవచ్చో గట్టి పరిమితి పెట్టి, సరుకు డెలివరీ తప్పనిసరి చేసి శనగలతోనైనా మళ్లీ మొదలుపెట్టొచ్చు. వీక్లీ ఆప్షన్లు పూర్తిగా ఎత్తేయాలి, నెలవారీ చాలు.

అదీ కుదరదంటే, నిషేధం పొడిగించే ప్రతిసారీ దానివల్ల శనగల ధర ఎంత తగ్గిందో, రైతుకి ఎంత పోయిందో లెక్క కూడా ఆ ఉత్తర్వుతో పాటే బయటపెట్టమనండి.

– ఒక పాఠకుడు, గుంటూరు